ఇంద్రసేన అమ్ముకున్న రెండంతస్తులు

ఇంద్రసేనకు షుగరు లేదు, బీపీ లేదు. డెబ్బై దాటినా చిక్కడపల్లి మార్కెట్టు నుంచి రెండు చేతులా కూరగాయల సంచులు మోసుకొస్తాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, దాని పేరు కిషన్ రావు. పక్కింట్లోనే ఉంటాడు.

ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు. నారాయణగూడలో ఒకే బడికి పోయారు, ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఒకే ఏడాది ట్రెజరీ ఆఫీసులో గుమాస్తాలుగా చేరారు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాతే దేవుడికి పక్షపాతం పుట్టింది. ఇంద్రసేనను తీసుకుపోయి ఆసిఫాబాద్‌లో పడేశారు. అక్కణ్ణుంచి భద్రాచలం, అక్కణ్ణుంచి కల్వకుర్తి. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ ఆయన భార్య దమయంతి నోరు మూసుకుని ఆయన పరుపు చుట్టిచ్చేది. కిషన్ రావు మాత్రం సర్వీసంతా నారాయణగూడ చుట్టుపక్కలే. ఎవరిని పట్టుకునేవాడో, ఏం మంత్రం వేసేవాడో! మధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చి, వేడన్నం తిని, ఒక కునుకు తీసి మరీ ఆఫీసుకు పోయేవాడు. భద్రాచలంలో టిఫిన్ డబ్బా మూత తీసినప్పుడల్లా ఇంద్రసేనకు ఆ వేడన్నం గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

ఒక్క ఇంటి విషయంలో మాత్రం ఇంద్రసేనదే పైచేయి. తాత కట్టించిన ఇల్లు అది. డంగుసున్నం గోడలు, ముందు వసారాలో టేకు స్తంభాలు, కిటికీల మీద అర్ధచంద్రాకారంలో రంగుటద్దాలు. కిషన్ రావుది పొట్టి డాబా, అగ్గిపెట్టె నిలబెట్టినట్టు ఉండేది. ఇంద్రసేన ఏ ఊళ్ళో ఉన్నా శనివారం బస్సెక్కి వచ్చేవాడు. ఆయన సందు తిరిగేసరికి కిషన్ రావు తన డాబా పిట్టగోడకు మోచేతులానించి ఈ ఇంటివైపే చూస్తూ కనిపించేవాడు. చూడరా చూడు, కళ్ళు కాయలు కాసేలా చూడు అనుకుంటూ ఇంద్రసేన గేటు తీసేవాడు. వారం రోజుల పరాయి ఊరి బతుకు ఆ ఒక్క క్షణంలో మాఫీ అయిపోయేది. ఉద్యోగం వాడిది బాగుపడనీ, ఆరోగ్యం బాగుపడనీ, ఈ ఇంటి ముందు మాత్రం వాడు తలెత్తి చూడాలి. ఇంద్రసేనకు బతుకులో కావాల్సింది అంతే.

మరి ఆ ఇళ్ళున్న అశోక్‌నగర్ ఊరుకుంటుందా? సర్కారు కొలువుల పరీక్షలు రాసే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి పడుతూనే ఉన్నారు. ప్రతి సందులో ఓ పాత ఇల్లు కూలి హాస్టలై లేస్తోంది. ఓ బిల్డరు ఈ రెండిళ్ళ మీదా కన్నేశాడు. రెండు జాగాలూ కలిపి ఇస్తే ఇద్దరికీ సమానంగా ఫ్లాట్లు ఇస్తానన్నాడు. కిషన్ రావు తనే నడిచొచ్చాడు.

"ఇద్దరం కలిసి ఇద్దాం ఇంద్రా. నీకెన్నో నాకన్ని. ముసలితనంల పరేషాన్ ఉండదు."

ఆ "నీకెన్నో నాకన్ని" అన్న మాట దగ్గరే ఇంద్రసేనకు ఒళ్ళు మండింది. తన స్తంభాల ఇల్లూ, వాడి అగ్గిపెట్టే ఒకటేనా? రెండూ కూలి, ఇద్దరూ ఒకే రకం తలుపు, ఒకే రకం టైల్సు ఉన్న ఫ్లాట్లలోకి దూరడమా?

"నా కంఠంల పానముండంగ ఈ ఇటుక కదలదు," అన్నాడు.

మాట అయితే అన్నాడు, రాత్రికి భయం పట్టుకుంది. రేపు తాను పోయాక కూలగొడితే? అందుకే ఆ ఏడాది కాలేజీ పిల్లలు కొందరు పాత ఇళ్ళ ఫోటోలు తీసుకుంటూ వస్తే, వాళ్ళను కూర్చోబెట్టి చాయ్ పోసి, ప్రతి మూలా చూపించాడు. వాళ్ళ వెనకే ఓ కమిటీ వచ్చింది. కమిటీ వెనకే గోడ మీదికి నీలం రేకు వచ్చింది. ఇది వారసత్వ కట్టడం, దీన్ని కూల్చరాదు, అనుమతి లేనిదే మార్చరాదు అని దాని మీద రాసి ఉంది. ఆ రేకు ఎక్కడ కొట్టాలని మేస్త్రీ అడిగితే, ఇంద్రసేన గేటు పక్కన వద్దని, కిషన్ రావు డాబాకు ఎదురుగా ఉన్న గోడ చూపించాడు. సందులోకి వచ్చేవాళ్ళకు అది కనపడకపోయినా ఫరవాలేదు, కనపడాల్సినవాడికి కనపడితే చాలు.

వారం రోజులు ఆయన మనిషి మనిషిలా లేడు, గాలిలో తేలాడు. ఆ తర్వాత ప్రేమ్‌సాగర్ వచ్చాడు. ఆ పేటలో ఇళ్ళు అమ్మించే బ్రోకరు.

"ఏం పని చేసిన్రు సార్! మొన్నటిదాక మీ జాగ కోసం పార్టీలు నా ఎంట పడుతుండె. ఇప్పుడు గా రేకు సంగతి ఇని గేటు కాడ్నించే దండం పెట్టి పోతున్నరు. కూలగొట్టనీకి లేదు, మీదికి లేపనీకి లేదు. ఎవడు కొంటడు?"

"కొనకుంటె నాకేంది? నేను అమ్మెటోణ్ణా?" అన్నాడు ఇంద్రసేన.

అన్నాడు గానీ, దమయంతి మాత్రం వంటింట్లో నీళ్ళు కారుతున్న చోట బకెట్టు పెట్టి వచ్చి నిలబడింది. "అమ్మకుంటె అమ్మకపోయిన్రు. ఈ కప్పు బాగు చేపియ్యనీకి పైసలేడికెళ్ళి తెస్తరో చెప్పుండ్రి. గా రేకు కప్పు కురవకుండ ఆపుతదా?" అంది.

అదే నెలలో అసలు దెబ్బ తగిలింది. కిషన్ రావు వెనక జాగాలో ఈదయ్య పిండిగిర్ని ఉండేది. బిల్డరు ఇంద్రసేన జాగా వదిలేసి ఆ గిర్ని జాగాను కలుపుకున్నాడు. అగ్గిపెట్టె కూలింది. గేటు దగ్గర బోర్డు లేచింది, అయిదంతస్తులకు పర్మిషను. కిషన్ రావు కాచిగూడలో కిరాయికి దిగి, రోజూ పొద్దున్నే టోపీ పెట్టుకుని వచ్చి పునాదులు చూసుకుని పోతున్నాడు. ఎవరు ఎదురైనా, "ఏం లేదు, నాలుగు ఫ్లాట్లు వస్తున్నయ్," అంటున్నాడు. "ఏం లేదు" అట! ఆ మాట విన్న రోజు ఇంద్రసేన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఊరంతా పెరుగుతుంటే తన ఇల్లు మాత్రం అక్కడే ఉండాలని రాసిపెట్టిందెవరు? సర్కారు. మరి ఆ నష్టం ఎవరు కట్టియ్యాలి?

ఇంద్రసేన ఇస్త్రీ బట్టలేసుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాడు. అక్కడ స్వరూప అనే అధికారి ఉంది, చిన్న వయసు, ఓపిక ఎక్కువ. ఆమె కూడా అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదివి కొలువు కొట్టిన పిల్లే.

"మేడం, రోడ్డు కోసం నా జాగల గజం తీసుకుంటె పరిహారం ఇస్తరు. ఔనా? మీరు నా ఇంటిని నా దగ్గర్నే ఉంచిన్రు, దాని విలువ మాత్రం తీసుకపోయిన్రు. మరి దానికేమిస్తరు?"

స్వరూప నవ్వింది. "మంచిగడిగిన్రు సార్. నగదు రాదు గానీ, టీడీఆర్ వస్తది. మీ జాగ మీద మీరు లేపుకోలేని అంతస్తులున్నయ్ గద, ఆ హక్కును కాగితం మీద రాసిస్తం. మీరు దాన్ని వేరే బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఆయన తన బిల్డింగ్ మీద అన్ని అంతస్తులు ఎక్కువ ఏసుకుంటడు. హక్కు ట్రాన్స్‌ఫర్ అయితది."

"ట్రాన్స్‌ఫరా?" అన్నాడు ఇంద్రసేన. "ఎక్కడికి?"

"సిటీల ఎక్కడికైనా సార్."

ఎక్కడికైనా! ఆ మాట ఇంద్రసేన చెవికి కొత్తది కాదు. సర్వీసంతా విన్నదే. ఆర్డరులో "ఎక్కడికైనా" అని ఉందంటే ఆసిఫాబాద్ అని అర్థం. ట్రాన్స్‌ఫర్ అంటే మనిషిని ఇంటికి అందనంత దూరం పడేయడమని ఆయనకు మూడు జిల్లాల బస్టాండ్లు నేర్పాయి. కాబట్టి తన అంతస్తులు కూడా ఏ కోకాపేటకో, ఏ గచ్చిబౌలికో పోతాయని ఆయన అడగకుండానే తేల్చేసుకున్నాడు. స్వరూపను రెండో మాట అడగలేదు. అడిగితే అమాయకుణ్ణనుకుంటుందని సిగ్గు.

రెండంతస్తుల హక్కు రాసిన కాగితం వచ్చింది. ప్రేమ్‌సాగర్ పార్టీని తెచ్చాడు, నోరు తిరగని ఇంగ్లీషు పేరున్న కంపెనీ. ఎవరిదీ కంపెనీ అని అడిగితే, "పెద్ద పార్టీ సార్, మీకెందుకు పరేషాన్, సంతకం పెట్టుండ్రి," అన్నాడు. ఇంద్రసేన పెట్టాడు. ఆ వచ్చిన దాంతో అనుమతి తీసుకుని కప్పు బాగుచేయించాడు. దమయంతి బకెట్టు మళ్ళీ స్నానాల గదిలోకి పోయింది.

ఇక ఇంద్రసేన వైభోగం చూడాలి. ఓ రోజు దమయంతిని మెట్రో ఎక్కించి హైటెక్ సిటీ దాకా తీసుకుపోయాడు. కిటికీలోంచి అద్దాల బిల్డింగులు చూపిస్తూ, "గా పైన రెండు మనయే కావచ్చు," అన్నాడు. ఇంకోటి కనపడితే, "కాదు కాదు, గవ్వి," అన్నాడు. ఎదురు సీటులో కుర్రాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. దమయంతి తల తిప్పుకుని నవ్వాపుకుంది. తిరిగొచ్చాక కిషన్ రావును పునాదుల దగ్గరే పట్టుకున్నాడు.

"మీ బిల్డరుకు అయిదేనా?"

"అయిదే ఇంద్రా."

"నావి రెండు అటు దిక్కు లేస్తున్నయ్‌రా. అద్దాలయి." ఇంద్రసేన చేత్తో పడమర వైపు చూపించాడు. కిషన్ రావు అటు చూశాడు. అక్కడ హాస్టలు మేడ మీద ఆరేసిన దుప్పట్లు తప్ప ఏమీ కనపడలేదు. అయినా పాపం, "మంచిదే," అన్నాడు.

పక్కన స్లాబులు పడుతున్నాయి. ఒకటి పడ్డప్పుడు ఇంద్రసేనకు ఎండ తగ్గింది. మూడు పడ్డప్పుడు గాలి తగ్గింది. అయిదు పడ్డప్పుడు నిద్ర తగ్గింది. ఆ తర్వాత ఆరో స్లాబు పడింది! ఆ రోజు ఇంద్రసేన దమయంతిని సేమ్యా పాయసం వండమన్నాడు. బోర్డు మీద అయిదే ఉంటే ఆరెట్లా వేస్తారు? దొంగ కట్టడం! దొరికాడు దొంగ!

"ఇప్పుడే కంప్లేంట్ ఇయ్యరాదుండ్రి," అంది దమయంతి.

"ఆగు. ఏడోది గుడ పడనీ. కూలగొట్టినప్పుడు గట్టిగ తగలాలె."

ఏడోది కూడా పడింది. ఇంద్రసేన కంప్లేంట్ ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు, సందులో అందరికీ చెప్పి ఉంచాడు. స్వరూప తన సిబ్బందితో వచ్చేసరికి గిర్ని ఈదయ్య, పాలవాళ్ళు, హాస్టలు పిల్లలు, అందరూ గేటు దగ్గర చేరారు. కిషన్ రావు టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వాడి మొహంలో రంగు లేదు. ఆ మొహాన్ని ఇంద్రసేన తృప్తిగా, తీరిగ్గా చూసుకున్నాడు.

బిల్డరు మనిషి ఫైలు తెచ్చిచ్చాడు. స్వరూప తిప్పింది, ఓ చోట ఆగింది, ఇంద్రసేన వైపు చూసింది, మళ్ళీ కాగితం వైపు చూసింది.

"సార్, ఈ రెండు అంతస్తులు సక్రమమే. టీడీఆర్ కొని ఏసుకున్నరు. బోర్డే మార్చలేదు."

"ఎవని టీడీఆర్ మేడం? దొంగది గావచ్చు, జర మంచిగ సూడుండ్రి."

"మీదే సార్."

పైన ఎక్కడో సెంట్రింగు కర్ర పడ్డ చప్పుడైంది.

"నాదా? నాది గచ్చిబౌలి పోయింది గద!"

"ఎవరు చెప్పిన్రు సార్? మీరమ్మిన కంపెనీ ఈ బిల్డరు తమ్మునిదే."

"మీరే గద ట్రాన్స్‌ఫర్ అన్నరు!" ఇంద్రసేన గొంతు కీచుమంది.

"ఔ సార్. ట్రాన్స్‌ఫరే అయింది," అంది స్వరూప, ఆ పిల్లకు నవ్వాలో వద్దో తెలియలేదు. "మీ ఇంటి నుంచి పక్కింటికి."

ముందు ఈదయ్య నవ్వాడు. ఆ తర్వాత ఆపడం ఎవరి తరం? హాస్టలు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నవ్వనివాళ్ళు ఇద్దరే, ఇంద్రసేన, కిషన్ రావు. ఇంద్రసేన ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. ట్రాన్స్‌ఫర్ అంటూ తనను అడవులు పట్టించారే, ఆ ట్రాన్స్‌ఫరే ఒక్కసారి పక్కింటికి పోవాల్సొస్తే కిషన్ రావు ఇంటికే పోవాలా? తన గాలి, తన ఆకాశం, తన చేత్తో సంతకం పెట్టి వాడి నెత్తికి కిరీటం చేసిచ్చాడు. దమయంతి పళ్ళెం తెస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఎవడో ఒకడు ఏసుకుంటడు గద," అంది దమయంతి. "కప్పు మంచిగైంది. మీకేం పోయింది?"

ఏం పోయిందో చెప్తే ఆమెకు అర్థం కాదని ఆయన దుప్పటి ముసుగు తన్నాడు.

గృహప్రవేశానికి కిషన్ రావు, భార్య విద్యావతి ఇద్దరూ వచ్చి బొట్టు పెట్టి పిలిచారు. ఇంద్రసేన జ్వరమన్నాడు. దమయంతి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, పంచె తెచ్చి ఒళ్ళో పడేసింది. "లేవుండ్రి. పోకుంటె కుళ్ళుతోని పోలేదంటరు." అది నిజం కాబట్టి ఆయన లేచాడు.

లిఫ్టు ఆరో అంతస్తులో ఆగింది. కిషన్ రావు ఉంటున్నది అక్కడే. ఇంద్రసేన గడప దాటుతూ, తన గాలిలో వాడు టైల్సు పరిచాడు, తన గాలిలో వాడు దేవుడి పటం పెట్టాడు అనుకున్నాడు. ఎవరు ఏం పెట్టినా రుచించలేదు. ఎప్పుడు గొప్పలు మొదలెడతాడా అని కాచుకు కూర్చున్నాడు. కిషన్ రావు గొప్పలు చెప్పలేదు. చేయి పట్టుకుని బాల్కనీలోకి తీసుకుపోయాడు.

"బిల్డరు మెయిన్ రోడ్డు దిక్కు ఫ్లాట్ ఇస్తనన్నడు. ముందుకు ముందు కిరాయి మంచిగొస్తదట. నేనే వద్దన్న. నాకు ఇటు దిక్కే కావాలన్న. చూడు."

ఇంద్రసేన కిందికి చూశాడు. తన ఇంటి కప్పు. మేస్త్రీలు ఏళ్ళనాటి మురికి గీకి కడిగాక, తాత నాడు పరిపించిన పింగాణీ ముక్కల రంగులు తేటపడ్డాయి. ఆ ముక్కల మీదే చిన్నప్పుడు గాలిపటాలు ఎగరేశాడు, ఆ ముక్కల మీదే దమయంతి వడియాలు పెడుతుంది. నీలం పెంకులు కొన్ని, తెల్లవి కొన్ని, కాలికి గుచ్చుకునే చెత్త అనే ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఇక్కణ్ణుంచి చూస్తే అవి చెత్త కాదు. కప్పు ఈ మూల నుంచి ఆ మూల దాకా విచ్చుకున్న ఒక పెద్ద తామరపువ్వు. తెల్లటి రేకులు, నీలం అంచులు, నడుమ దుద్దు.

"తెల్వదా నీకు?" అన్నాడు కిషన్ రావు. "నాకు గుడ తెల్వదు. నా పాత డాబ పొట్టిది గద, ముందరి స్తంభాలే కనిపిస్తుండె. ఇప్పుడు పొద్దుగాల లేస్తనే చాయ్ పట్టుకొని ఈడ్నే కూసుంట. నిజం చెప్తున్న ఇంద్రా, నీ ఇల్లంటె నాకు చిన్నప్పట్నుంచి మస్తు కుళ్ళు. మొత్తానికి గా రేకు కొట్టిచ్చి మంచి పని చేసినవ్. ఇంక దాన్నెవ్వడు కూలగొట్టలేడు. పోయేదాక చూసుకుంట."

కుళ్ళు! బతుకంతా వినాలనుకున్న మాట. వాడు తన నోటితో, ఎవరూ అడగకుండా అనేశాడు. ఇంద్రసేనకు సంతోషం రావాలి. రాలేదు. ఆ ఇంటికి పన్ను కట్టేది తను, బకెట్లు పెట్టింది తను, ధర పోగొట్టుకున్నది తను, దాని కోసం నవ్వులపాలైంది తను. పువ్వు మాత్రం వాడిది. తను లోపలున్నంత కాలం అది తనకు కనపడనే కనపడదు. కిషన్ రావు నిమ్మళంగా పిట్టగోడకు మోచేతులానించి అలాగే చూస్తున్నాడు.

ఇంద్రసేన సందులోకి దిగగానే ప్రేమ్‌సాగర్‌కు ఫోను కలిపాడు. దమయంతి పక్కనే నడుస్తోంది.

"ప్రేమ్‌సాగర్, మా పక్క బిల్డింగుల ఏదన్న ఖాళీ ఉన్నదా? కిరాయికి."

"ఎవరికి సార్?"

"నాకే."

దమయంతి నడిరోడ్డు మీద నిలబడిపోయింది. "ఇల్లు పెట్టుకొని కిరాయికా? ఏమైంది మీకు?"

ఇంద్రసేన ఆమెకు చెయ్యి అడ్డం పెట్టి, ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"మా ఇంటి దిక్కుదే గావాలె ప్రేమ్‌సాగర్. విను, ఆరోది వద్దు. ఏడోది."